కీళ్ళ నొప్పులు - రక్తపరీక్షలు

ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల్లో జనవరి వచ్చిందంటే పసుపు పనులు మొదలవుతాయి. తవ్వడం, కొమ్ములు విరవడం, ఉడకబెట్టడం, ఆరబోయడం - అన్నీ చేతుల మీద నడిచే పనులే. ఆ రోజుల్లో వేళ్ళు నొస్తున్నాయంటే ఎవరూ పట్టించుకోరు. "పని ఎక్కువైంది, అదే తగ్గుతది" అంటారు. పంట అమ్ముడుపోయాక కూడా నొప్పి తగ్గకపోతే అప్పుడు వెళ్ళి రక్తం ఇచ్చి వస్తారు.

అక్కడి నుంచి కొత్త దిగులు. "అత్తమ్మకు ఆర్.ఏ. పాజిటివ్ వచ్చింది సార్, కీళ్ళవాతమేనా?" అని ఒకరు. "నాకు నెగెటివ్ వచ్చింది, మరి పొద్దున పిడికిలి ఎందుకు ముడుచుకోదు?" అని మరొకరు. యార్డులో పసుపు కొనేవారు పైరంగు ఒక్కటే చూసి ధర కట్టరు. కొమ్ము విరిచి లోపలి రంగు, ఎండు కూడా చూస్తారు. రక్తపరీక్ష కాగితాన్ని కూడా అలాగే చూడాలి. రోగి చెప్పే బాధ, డాక్టరు చేతితో కీళ్ళు తడిమి చూడడం, ఆ తర్వాతే కాగితంలోని అంకె.

ముందు గమనించవలసినవి

పొద్దున లేవగానే కీళ్ళు అరగంట, గంట దాటినా బిగుసుకునే ఉన్నాయా? రెండు చేతుల వేళ్ళ కణుపులూ, మణికట్లూ వాచాయా? ఇలా ఆరు వారాలు దాటితే రుమటాయిడ్ కీళ్ళవాతాన్ని అనుమానించాలి. దీన్ని అశ్రద్ధ చేస్తే కీలులోని ఎముక కొరుక్కుపోతుంది. అలా పోయింది తిరిగి రాదు. మొదటి నెలల్లోనే చికిత్స ప్రారంభించాలని చెప్పేది అందుకే.

నడిచినప్పుడు మోకాలు నొచ్చి, కూర్చుంటే తగ్గేది సాధారణంగా అరుగుదల. దాన్ని పట్టి చెప్పే రక్తపరీక్ష లేదు.

ఏ పరీక్ష ఏం చెబుతుంది?

ఈ.ఎస్.ఆర్.: రక్తాన్ని సన్నని గాజుగొట్టంలో నిలువుగా ఉంచి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తారు. ఒంట్లో వాపు ఉన్నప్పుడు రక్తంలో కొన్ని మాంసకృత్తులు పెరిగి, కణాలు నాణేల దొంతరలా అతుక్కుని త్వరగా దిగుతాయి. కాని రక్తహీనత, గర్భం, క్షయ, వయసు - ఇవి కూడా ఈ అంకెను పెంచుతాయి. సి.ఆర్.పి. కూడా వాపును తెలిపేదే. ఇది త్వరగా పెరిగి, త్వరగా తగ్గుతుంది. వాపు ఎందువల్లనో ఈ రెండూ చెప్పలేవు.

రుమటాయిడ్ ఫాక్టర్: నార్వే వైద్యుడు వాలర్ 1940లో దీన్ని వర్ణించాడు. ఈ జబ్బు ఉన్న నూరుమందిలో సుమారు డెబ్బై, ఎనభైమందికే పాజిటివ్ వస్తుంది. అంటే నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. జబ్బు లేని వృద్ధుల్లో కొందరికీ, కొన్ని దీర్ఘకాల అంటురోగాల్లోనూ పాజిటివ్ రావచ్చు. వాపూ, బిగుసుకుపోవడమూ లేని అత్తమ్మగారు ఈ ఒక్క కాగితంతో రోగి అయిపోరు. యాంటి సి.సి.పి. పరీక్ష ఇంతకంటే నమ్మదగినది.

యూరిక్ యాసిడ్: రాత్రికి రాత్రి కాలి బొటనవేలి కీలు ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది గౌట్ కావచ్చు. విచిత్రమేమంటే, నొప్పి ఉధృతంగా ఉన్నరోజున ఈ అంకె మామూలుగానే కనిపించవచ్చు. రెండు వారాలు ఆగి మళ్ళీ చూడాలి. చికిత్సలో దీన్ని 6 మిల్లీగ్రాముల లోపు ఉంచుతారు.

2006లో మన ప్రాంతాలలో చికున్‌గున్యా ప్రబలినప్పుడు జ్వరం తగ్గాక కూడా ఎందరికో నెలల తరబడి కీళ్ళు నొచ్చాయి. ఇటీవల జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుతో తప్పక చెప్పండి.

మందు మొదలయ్యాక

రుమటాయిడ్ జబ్బుకు ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవారున్నారు. వేసుకునే వారాన్ని క్యాలెండరుపై రాసి గోడకు తగిలించండి. ఈ మందు వాడేవారికి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో కొద్ది వారాలకొకసారి, తర్వాత రెండు మూడు నెలలకొకసారి అవసరం. నొప్పి తగ్గిందని వీటిని మానరాదు. నోట్లో పుళ్ళు, జ్వరం, ఆయాసం వస్తే వెంటనే చూపించుకోవాలి. గర్భవతులు, గర్భం కోరుకునేవారు ఈ మందు వాడకూడదు. మద్యం పనికిరాదు.

పసుపు పండే ఊళ్ళో మరో మాట. కూరలో వేసే పసుపుతో భయం లేదు. పసుపు సారం గాఢంగా ఉన్న మాత్రలవల్ల కొందరికి కాలేయం దెబ్బతింది. వాడుతుంటే డాక్టరుకు దాచకండి.

పాత రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒకే కవరులో పెట్టుకోండి. వీలైనంతవరకు ఒకే లేబరేటరీలో చేయించుకోండి. ఒక్క అంకె కంటే, ఆరు నెలల్లో అంకె ఎటు నడిచిందన్నదే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. అనుమానం తీరకపోతే నిజామాబాదు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి, అవసరమైతే హైదరాబాదు నిమ్స్‌లోని రుమటాలజీ విభాగానికి వెళ్ళవచ్చు. పొద్దున పిడికిలి ముడుచుకోవడం కష్టమవుతుంటే మాత్రం పసుపు అమ్ముడుపోయేదాకా ఆగకండి.