సుబ్బులక్ష్మిని ఎవరడిగారు?

'బొమ్మరిల్లు' 2006 ఆగస్టు 9న రిలీజైంది. నేను పుట్టిందీ ఆ ఏడాదే. అంటే ఆ సినిమాకీ నాకూ దాదాపు ఒకటే వయసు. టీవీలో ఎప్పుడొచ్చినా మా ఇంట్లో ఛానెల్ మారదు. ప్రకాష్ రాజ్ తెర మీదికి రాగానే మా నాన్న సోఫాలో ముందుకు జరిగి, "పాపం ఆ పిల్లాడు! ఇలాంటి నాన్నలు కూడా ఉంటారు చూడు" అంటారు. ఆ టైంలో ఆయన ఫోన్లో నా లైవ్ లొకేషన్ ఆన్‌లోనే ఉంటుంది. నేను పక్కనే కూర్చుని ఉన్నా సరే.

మా నాన్న ఒక్కరే కాదు. మా క్లాసులో ఎవరినడిగినా "మా డాడీ కూడా ఆ సినిమాకి ఫ్యానే" అంటారు. పిల్లల్ని ఊపిరాడనివ్వని తండ్రి కథ తండ్రులకి ఎందుకంత నచ్చింది? వాళ్ళు అందులో తమని ఎందుకు చూసుకోలేదు? ఈ సెమిస్టర్లో నా బుర్ర తినేసిన ప్రశ్న ఇదే. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు కథ ఒకసారి గుర్తు చేసుకుందాం. బీచ్‌లో ఒక బుడ్డోడు తండ్రి చెయ్యి పట్టుకుని అడుగులు నేర్చుకుంటుంటాడు. అప్పుడు చెయ్యి పట్టుకోవాల్సిందే, మరి ఇరవై నాలుగేళ్ళొచ్చాక కూడానా అని వెనక నుంచి ఒక గొంతు అడుగుతుంది. సినిమా మొత్తం ఆ ప్రశ్నే. తండ్రి అరవింద్‌కి కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఉంది. కొడుకు సిద్ధు వేసుకునే బట్టల దగ్గర్నుంచి హెయిర్ స్టైల్ దాకా ఆయన సెలక్షనే. కెరీర్, పెళ్ళి, ఈ రెండైనా నా ఇష్టప్రకారం జరగాలని సిద్ధు మనసులో ఒట్టు పెట్టుకుంటాడు. తర్వాత వాళ్ళ నాన్న ఆఫీసులోనే పని చేస్తాడు, వాళ్ళ నాన్న చూసిన సుబ్బులక్ష్మితోనే నిశ్చితార్థం చేసుకుంటాడు. ఆ తర్వాత గుళ్ళో హాసిని కనబడుతుంది. తల ఒక్కసారి తగిలితే కొమ్ములొస్తాయని రెండోసారి కూడా డాష్ ఇచ్చే ఆ హాసినే.

డైరెక్టర్ భాస్కర్‌కి అది మొదటి సినిమా. ఆ పేరు ఆయనకి ఎంతలా అతుక్కుపోయిందంటే ఇప్పటికీ 'బొమ్మరిల్లు భాస్కర్' అనే అంటారు. టైటిల్లోనే పాయింట్ ఉంది చూడండి. బొమ్మరిల్లు కట్టుకున్న పాప బొమ్మల్ని ఎంతో ప్రేమగా చూసుకుంటుంది. స్నానం పోస్తుంది, అన్నం పెడుతుంది, పడుకోబెడుతుంది. ఆకలేస్తోందా అని మాత్రం బొమ్మని అడగదు.

ఇక్కడ ప్రేమకీ అతిజాగ్రత్తకీ తేడా ఎలా కనిపెట్టాలి? నాకు తోచిన టెస్ట్ ఒకటుంది. ఈ రూల్ వల్ల ఎవరి భయం తగ్గుతోంది అని అడిగి చూడండి. చిన్నప్పుడు రోడ్డు దాటుతుంటే నాన్న చెయ్యి పట్టుకున్నారు, నాకు ప్రమాదం తగ్గింది. ఇప్పుడు నా లొకేషన్ చూస్తున్నారు, నాకు జరగబోయేది ఏదీ దాంతో ఆగదు, ఆయనకి గుండెదడ తగ్గుతుంది. ఆ గుండెదడ ఉత్తిదని నేననను. రాత్రి న్యూస్ చూసే ఏ ఆడపిల్ల తండ్రికైనా అది ఉంటుంది. కానీ ఆయన భయానికి మందు నేను వేసుకోవడం, నా ఆరోగ్యానికి నేను మందు వేసుకోవడం ఒకటి కాదు కదా.

ఇక అసలు సంగతి. 'బొమ్మరిల్లు'లో కామెడీ అంతా ఒక గ్యాప్ నుంచి పుడుతుంది. సిద్ధులు ఇద్దరున్నారు. బయట సిద్ధు ప్రపంచంలో ఉన్న నాన్నలందర్నీ కలిపి తిట్టగలడు. గుమ్మం లోపల సిద్ధు తలొంచుకుని "సరే నాన్నా" అంటాడు. అరవింద్‌కి తెలిసింది లోపలి సిద్ధు ఒక్కడే. కాబట్టి ఆయన లెక్క ప్రకారం అంతా కరెక్టుగానే నడుస్తోంది. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ దాన్ని పట్టుకుని సైలెంట్‌గా మింగేసే కోడ్ రాశాడు సిద్ధు. స్క్రీన్ మీద ఎప్పుడూ 'సక్సెస్' అనే పడుతుంది. ఇరవై నాలుగేళ్ళు 'సక్సెస్' చూసిన మనిషి ప్రోగ్రాం ఎందుకు మారుస్తాడు? అందుకే అరవింద్ విలన్‌లా అనిపించడు. క్లైమాక్స్‌లో కొడుకు అన్నీ బయటపెడుతుంటే ప్రకాష్ రాజ్ మొహంలో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. ఆ ఎర్రర్లన్నీ ఆయన మొదటిసారి చదువుతున్నాడు.

అయితే తప్పంతా సిద్ధుదే అనడం కూడా అన్యాయం. "సరే" అనడం వాడికి ఎవరు నేర్పారు? పైగా జీతం నాన్నది, ఇల్లు నాన్నది. సొంత కంపెనీ కోసం బ్యాంకు లోన్‌కి అప్లై చేసి ఎదురుచూడటం కథలో ఊరికే పెట్టలేదు. "వద్దు" అనే మాటకి ఖర్చుంటుంది, ఆ ఖర్చు భరించే స్తోమత రావాలి. మన ఫీజు రసీదుల మీద ఎవరి డబ్బుందో మనకి తెలుసు.

మా నాన్నకి తనెందుకు కనబడలేదో నాకు అక్కడే అర్థమైంది. ఆయన నన్ను కేకలెయ్యరు. అరవింద్‌లా ఆర్డర్లు వెయ్యరు. "నీ ఇష్టం తల్లీ, కానీ..." అంటారు. ఆ "కానీ" తర్వాత వచ్చేది నేను పూర్తిగా వినకుండానే "సరే నాన్నా" అనేస్తాను. నేనెప్పుడూ కాదనలేదు కాబట్టి ఆయన ఎప్పుడూ బలవంతపెట్టలేదు. మరి ఆ సినిమాలో ఆయన తనని ఎలా చూసుకుంటారు?

అమ్మాయిల విషయానికొస్తే సినిమా ఇంకాస్త చెప్తుంది, కొంత తెలియకుండానే. హాసిని స్వేచ్ఛకి బ్రాండ్ అంబాసిడర్ అనుకుంటాం. కానీ సిద్ధు వాళ్ళింట్లో వారం రోజులు ఉండటానికి వచ్చినప్పుడు, వాళ్ళ నాన్న కనకారావుకి కాలేజీ టూర్ అని అబద్ధం చెప్పి వస్తుంది. అంత గలగలా మాట్లాడే పిల్ల కూడా ఇంట్లో నిజం చెప్పలేకపోయింది. ఇక సుబ్బులక్ష్మి. వాళ్ళ నాన్న మాటే తన మాట. నిశ్చితార్థం పెద్దవాళ్ళు కుదిర్చారు, సిద్ధు వద్దనుకున్నాడు కాబట్టి ఆగిపోయింది. అసలు నీకేం కావాలమ్మా అని సినిమా ఆగి అడగదు. మన ఫ్రెషర్స్ పార్టీలో హాసినిలా యాక్ట్ చేసిన అమ్మాయిలు నలుగురు. సుబ్బులక్ష్మిలా ఎవరూ చెయ్యలేదు, ఎందుకంటే రోజూ ఇంట్లో చేస్తున్నదే అది.

దీని పక్కన పెట్టి చూడాల్సిన సినిమా 2008లో వచ్చిన 'కొత్త బంగారు లోకం'. అదే నిర్మాత దిల్ రాజు, తండ్రిగా మళ్ళీ ప్రకాష్ రాజ్, తల్లిగా మళ్ళీ జయసుధ. ఈసారి డైరెక్టర్ శ్రీకాంత్ అడ్డాల, ఆయనకీ అదే మొదటి సినిమా. ఇందులో పిల్లలు ఇంటర్ చదివేవాళ్ళు. ప్రకాష్ రాజ్ ఇక్కడ రివర్స్. కొడుకు బాలుని నమ్మి వదిలేసే నాన్న. కాపలా అంతా స్వప్న వాళ్ళింట్లో. మరి ఏమైంది? గట్టిగా కాపలా కాసిన పిల్లా, వదిలేసిన పిల్లాడూ ఒకేలా ప్రేమలో పడ్డారు, ఒకేలా తప్పటడుగు వేశారు. తేడా తర్వాత కనబడుతుంది. తండ్రి పోయాక బాలు సొంతంగా ఆలోచించుకుని బాధ్యత ఎత్తుకోగలిగాడు, ఎందుకంటే ఆ పని చెయ్యనిచ్చిన మనిషి చేతిలో పెరిగాడు. కాపలా వల్ల తప్పులు ఆగవు, తప్పు చేశాక లేచి నిలబడే ప్రాక్టీస్ ఆగిపోతుంది. రెండు సినిమాలూ వరసగా చూస్తే నాకు అర్థమైంది ఇది.

మేముండేది ఫిల్మ్‌నగర్లో. అడ్రస్ చెప్తే అందరూ "హీరోలు కనబడతారా?" అని అడుగుతారు. మాకు కనబడేది వాటర్ ట్యాంకరే. కానీ ఇక్కడ నడుస్తుంటే ఒక విషయం తట్టింది. పిల్లల్ని వాళ్ళ దారిన వెళ్ళనివ్వండి అని చెప్పే సినిమాలు తీసే ఏరియా ఇది. అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కినేని, దగ్గుబాటి ఇళ్ళల్లో మూడు తరాలు సినిమాల్లోనే ఉన్నారు. గుట్ట దిగి కృష్ణానగర్ వెళ్తే కథ తిరగబడుతుంది. అక్కడ అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళలో ఇంట్లో వద్దన్నా వినకుండా బస్సెక్కి వచ్చినవాళ్ళు ఎందరో. నాన్న దారిలో వెళ్ళినవాళ్ళు పైన, నాన్న మాట కాదన్నవాళ్ళు కింద. ఏది మంచి జీవితమో ఇక్కడి నుంచి చూస్తే అంత ఈజీగా తేలదు. మా నాన్న భయపడేది కూడా కృష్ణానగర్ గదుల్ని రోజూ చూసేనేమో.

ఇప్పుడు నా సంగతి. ఎండాకాలం సెలవులకి బెంగళూరులో ఇంటర్న్‌షిప్ వచ్చింది. నాన్న "నీ ఇష్టం తల్లీ, కానీ హైదరాబాద్‌లో లేనిది అక్కడేముంది?" అన్నారు. నేను "సరే నాన్నా" అన్నాను. ఎర్రర్ మింగేశాను. తర్వాతి ఆదివారం టీవీలో మళ్ళీ 'బొమ్మరిల్లు' వచ్చింది. నాన్న మళ్ళీ "పాపం ఆ పిల్లాడు" అన్నారు. ఈసారి నా నోట్లోంచి వచ్చేసింది. "నాన్నా, నేను ఆ పిల్లాణ్ణి కాదు, సుబ్బులక్ష్మిని. మొన్న సరే అన్నాను చూడండి, అది అబద్ధం. నాకు వెళ్ళాలనుంది."

సిద్ధులా ఏడ్చి పెద్ద స్పీచ్ ఏమీ ఇవ్వలేదు. మూడు వాక్యాలే. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. నాన్న ఏమీ అనలేదు. సినిమా అయ్యేదాకా తెర వైపే చూశారు, నవ్వాల్సిన చోట కూడా నవ్వలేదు. నాకు కడుపులో తిప్పేసింది. మింగేసి ఉంటే బాగుండేదేమో అని కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున స్కూటర్ మీద నన్ను కాలేజీ బస్సు దగ్గర దింపడానికి వస్తూ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్లో ఆగినప్పుడు, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"ఎన్ని వారాలు?"

"ఎనిమిది."

సిగ్నల్ పడింది. ఇంకా ఒప్పుకోలేదు. కానీ పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ స్క్రీన్ మీద 'సక్సెస్' బదులు నిజంగా జరిగింది పడింది. ఆయన దాన్ని చదువుతున్నారు.