పెరటి వామాకు: దగ్గుకు ఎంతవరకు?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. వామాకు విషయంలో మాత్రం పల్లె ఇల్లాళ్లు ఆ సామెతను లెక్కచేయరు. పాత డబ్బాలోనో, పగిలిన కుండలోనో, గోలెం పక్కనో ఈ మొక్క చాలా ఇళ్లలో కనిపిస్తుంది.

వాము గింజలు దీనికే కాస్తాయని కొందరి నమ్మకం. అది నిజం కాదు. కర్నూలు ప్రాంతపు నల్లరేగడి చేలల్లో పండే వాము కొత్తిమీర జాతిది. దాని ఆకు సన్నగా చీలి ఉంటుంది. పెరటి వామాకు తులసి కుటుంబానికి చెందింది. దీని ఆకు మందంగా, నూగుతో, రంపపు పళ్ల అంచుతో ఉంటుంది. వాసన కలవడానికి కారణం రెండింటిలోనూ ఉండే థైమాల్ అనే ఘాటైన పదార్థం. ఐరోపా పెరళ్లలో పెంచే థైమ్ మొక్కలోనూ ఇదే ఉంది. 1719లో కాస్పర్ న్యూమన్ అనే జర్మన్ శాస్త్రవేత్త థైమ్ నుంచే దీన్ని వేరుచేశాడు.

వామాకు పెంపకానికి ఖర్చు లేదు. ఇరుగుపొరుగును అడిగి జానెడు కొమ్మ తెచ్చి, కింది ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లు పట్టేస్తుంది. డబ్బాకు అడుగున చిల్లు ఉండాలి. మన్ను ఆరాకే నీరు పోయాలి. నీరు నిలిస్తే కాడ కుళ్లిపోతుంది. మండు వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచాలి. తరచు కొసలు తుంచితే గుబురుగా పెరుగుతుంది.

శనగపిండిలో ముంచి వేసే వామాకు బజ్జీల రుచి తెలియనిది కాదు. పచ్చడికి, చారుకు కూడా బాగుంటుంది. జలుబు చేసిన పెద్దలు నాలుగైదు ఆకులు మరిగించి తాగడం వాడుక. గొంతుకు హాయిగా ఉంటుంది.

పసిపిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆకు రసం తేనెతో నాకించే అలవాటు చాలాచోట్ల ఉంది. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదు. దగ్గుతోపాటు బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా అది న్యుమోనియా కావచ్చు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే వామాకు పని అయిపోయినట్లే. తెల్లవారనిద్దామని ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి.