ఉడుము పిల్ల ఎందుకు ఎదగదు?

పట్టిన పట్టు విడవని వాడిని 'ఉడుంపట్టు పట్టాడు' అంటాం. ఈ ఉడుము బల్లులకు దగ్గరి బంధువు. మన దేశంలో నాలుగు జాతుల ఉడుములు ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించే దాని శాస్త్రీయ నామం వెరానస్ బెంగాలెన్సిస్. గుడ్డు నుండి వచ్చినప్పుడు ఇది సుమారు జానెడు పొడవుంటుంది. బాగా ఎదిగితే తోకతో కలిపి 5 అడుగులు దాటుతుంది. ఈ పెరుగుదల ఎలా జరుగుతుందో, ఎందుకు ఆగిపోతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

గుజరాత్‌లోని సూరత్ నగరంలో పాండేసర ఒక పారిశ్రామికవాడ. అద్దకం, ప్రింటింగు మిల్లులకు పేరు పొందిన ప్రాంతం. మగ్గాల పని కోసం తెలుగు నేల నుండి వెళ్ళిన కుటుంబాలు సూరత్‌లో ఎన్నో ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. అలాంటి ఒక బడిలో చదివే పిల్లవాడికి వానాకాలంలో కాలువ గట్టున ఉడుము పిల్ల దొరికిందనుకుందాం. జాలితో దాన్ని గదికి తెచ్చి, అట్టపెట్టెలో పెట్టి, రోజూ కోడిమాంసం ముక్కలు వేశాడు. మూడు నెలలు గడిచినా అది జానెడే ఉంది. పైగా నడవలేక కాళ్ళు ఈడుస్తోంది. కడుపు నిండా తింటున్నా ఎందుకిలా అయింది?

మొదటి కారణం: వేడి చాలకపోవడం

మన శరీరం తనకు కావలసిన వేడిని తానే తయారు చేసుకుంటుంది. ఉడుము అలా చేసుకోలేదు. అది ఎండలోనో, కాగిన రాతి మీదో పడుకుని ఒంటిని వేడి చేసుకుంటుంది. ఒళ్ళు తగినంత వేడెక్కితేనే జీర్ణరసాలు చురుకుగా పనిచేస్తాయి. చల్లటి మూలలో ఉన్న ఉడుము తిన్నది సరిగా అరగదు, ఒంటబట్టదు. అందుకే ఉడుములను శాస్త్రీయంగా పెంచే చోట్ల ఒక పక్క 45 నుండి 50 డిగ్రీల సెల్సియస్ వరకు కాగే స్థలాన్ని, మరో పక్క 25 నుండి 28 డిగ్రీల చల్లటి స్థలాన్ని ఏర్పాటు చేస్తారు. ఎక్కడ ఉండాలో జంతువే ఎంచుకుంటుంది. ఈ ఎంపిక లేకుండా పెట్టెను ఎండలో పెడితే కొద్దిసేపటికే వడదెబ్బ తగిలి చనిపోతుంది.

రెండవ కారణం: ఎముక లేని మాంసం

అడవిలో ఉడుము పిల్ల పురుగులను తింటుంది. పెద్దదయ్యాక నత్తలు, పీతలు, ఎలుకలు, గుడ్లు కూడా తింటుంది. చిన్న జంతువును ఎముకలతో సహా మింగుతుంది కనుక కాల్షియం అందుతుంది. ఎముక తీసిన మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. ఆహారంలో భాస్వరం కంటే కాల్షియం రెండింతలు ఉండటం మంచిది. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం ఊరుకోదు. గుండె, కండరాలు పనిచేయడానికి కాల్షియం తప్పనిసరి కనుక దాన్ని ఎముకల నుండి లాగుతుంది. దాంతో దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంగుతాయి, ఒళ్ళు వణుకుతుంది. పిల్లలకు వచ్చే రికెట్స్ వ్యాధి వంటిదే ఇది. ఇక పాలు, రొట్టె ఉడుముకు ఆహారమే కావు.

మూడవ కారణం: అసలైన ఎండ తగలకపోవడం

పేగులు కాల్షియంను గ్రహించాలంటే విటమిన్ డి3 కావాలి. సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాలు చర్మం మీద పడితే ఇది తయారవుతుంది. కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది కాని ఈ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. మామూలు బల్బు వేడినిస్తుంది, ఈ కిరణాలనివ్వదు. కనుక అద్దం వెనుక పెట్టె పెట్టి 'ఎండ తగులుతోంది' అనుకుంటే పొరపాటే.

వేడి, కాల్షియం, ఎండ ఒక గొలుసులోని మూడు లంకెల వంటివి. ఒకటి తెగినా మిగిలినవి ఉండి ప్రయోజనం లేదు. వీటికి తోడు కడుపులో పరాన్నజీవులు, నీటి కొరత, దాక్కునే చోటు లేక కలిగే భయం కూడా ఎదుగుదలను ఆపుతాయి. ఎదగని ఉడుముకు మేత పెంచితే సరిపోదు. ఏ లంకె తెగిందో పశువైద్యుడు పరీక్షించి చెప్పాలి.

చట్టం ఏమంటోంది?

మన దేశపు ఉడుములను ఇంట్లో పెంచడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో అవి ఉన్నాయి. 2022లో సవరించిన ఈ చట్టం ప్రకారం మొదటి షెడ్యూలు జంతువులకు సంబంధించిన నేరానికి 3 నుండి 7 ఏళ్ళ జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. తోలు కోసం, మాంసం కోసం, 'హత్థా జోడీ' అనే బూటకపు వేరు కోసం వీటిని చంపుతున్నారు కనుకనే ఇంత కఠినమైన రక్షణ. ఆ వేరుగా అమ్మేది నిజానికి ఎండబెట్టిన మగ ఉడుము జననాంగం.

మరి దొరికిన పిల్లను ఏం చేయాలి? ఆరోగ్యంగా ఉంటే ముట్టుకోకండి, తన దారిన పోనివ్వండి. అది కరిస్తే గాయమవుతుంది కాని, పాములా విషంతో చంపుతుందన్న భయం నిజం కాదు. గాయపడి ఉంటే అటవీశాఖకు తెలియజేయండి. గుజరాత్‌లో కరుణా పశు అంబులెన్సును 1962 నెంబరుకు పిలవవచ్చు. వారు వచ్చేవరకు గాలి ఆడే పెట్టెలో, నీడలో, సందడి లేని చోట ఉంచండి. తాడుతో కట్టవద్దు, మేత పెట్టవద్దు. ఇప్పటికే ఇంట్లో ఉంటే పెద్దలకు చెప్పి అటవీశాఖకు అప్పగించండి. చాటుగా కాలువ గట్టున వదిలేయకండి. ఎముకలు మెత్తబడిన జంతువు వేటాడలేదు, ఆకలితో చనిపోతుంది.

పాండేసరలోని ఆ పిల్లవాడి జాలిలో తప్పు లేదు. అయితే జాలికి తెలివి తోడుకావాలి. ఉడుముకు కావలసిన ఎండ, వేడి రాయి, పురుగూ పుట్రా అన్నీ గట్టు మీద ఉన్నాయి. వాటి మధ్య దాన్ని బతకనివ్వడమే దానికి మనం చేయగల మంచి పోషణ.

ఆలోచించండి

1. ఉడుము శరీరం వేడెక్కకపోతే తిన్న ఆహారం ఎందుకు ఒంటబట్టదు?
2. ఎముక లేని మాంసం మాత్రమే తినే ఉడుముకు కాళ్ళు ఎందుకు వంగుతాయి?
3. మీ వీధిలో ఎవరైనా ఉడుమును పట్టి కడితే మీరు వారికి ఏమని చెబుతారు?