రూల్ రాసినాయనకే అందని ఆట

గళ్ల కాయితం, గుప్పెడు చింతగింజలు తీసుకోండ్రి. ఒక్కో గడి చుట్టూ మూలలతోటి కలిపి ఎనిమిది గళ్లుంటయి. గింజ ఉన్న గడి బతికున్నట్టు, లేనిది ఖాళీ.

రూల్ గింతే. గింజ చుట్టూ రెండో మూడో గింజలుంటె అది నిలుస్తది. తక్కువైతె ఒంటరై పోతది, ఎక్కువైతె ఇరుకై పోతది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటె అండ్ల కొత్త గింజ పుడ్తది. ముందు అన్ని గళ్లు లెక్కబెట్టి, మార్పులన్నీ ఒక్కపారే చెయ్యాలె. అదే ఒక తరం.

దీని పేరు గేమ్ ఆఫ్ లైఫ్. ఇంగ్లండ్ గణితవేత్త జాన్ కాన్వే తయారుచేసిండు. 1970 అక్టోబర్ల మార్టిన్ గార్డ్నర్ ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికల రాసినంక అందరికీ తెలిసింది. ఇసొంటి గళ్ల ఆటలనే సెల్యులార్ ఆటోమేటా అంటరు.

నాలుగు గింజలు చదరంగ పెడితె కదలనే కదలవు. మూడు వరుసగ పెడితె ఒకపారి అడ్డం, ఒకపారి నిలువు అయితయి. ఇంతవరకు అల్కనే. ఇగ నిలువుగ మూడు పెట్టి, నడిమిదానికి ఎడమ దిక్కు ఒకటి, పైదానికి కుడి దిక్కు ఒకటి పెట్టండ్రి. ఈ ఐదు గింజల గడబిడ సల్లబడనీకి 1103 తరాలు పడ్తది! రూల్ మారలే, గింజలే మారినయి.

అసలు ముచ్చట ఇంకోటుంది. ఏ ఆకారమూ ఎన్నటికీ ఆగకుంట పెరగదని కాన్వే అనుకున్నడు. తేల్చినోళ్లకు 50 డాలర్లిస్తనన్నడు. అదే ఏడు నవంబర్ల అమెరికాల ఎంఐటీకి చెందిన బిల్ గోస్పర్ బృందం ఒక ‘తుపాకి’ కనిపెట్టింది. అది 30 తరాలకోపారి ఐదు గింజల ‘గ్లైడర్’ను వదులుతనే ఉంటది. అంటే గింజలు పెరుగుతనే ఉంటయి. రూల్ రాసినాయన అంచనానే తప్పింది.

తర్వాత ఇంకోటి తేలింది. కంప్యూటర్ చేసే ఏ లెక్కనైనా ఈ ఆటల చెయ్యొచ్చు. అందుకే, ఏ ఆకారం ఇచ్చినా చివరికేమైతదో ముందే చెప్పే ఒక్క పద్ధతి ఉండదు.

మనుషులు చింతగింజలు కారు, ఇంకా చిక్కు. ఊరికో, ఆఫీసుకో కొత్త రూల్ పెట్టేటోళ్లు “చిన్న రూలే గదా, ఏమైతది” అంటుంటరు. ఏమైతదో రూల్ల రాసి ఉండదు. ముందుగాల చిన్నగ నడిపి చూడాలె. తప్పని తేలితె, కాన్వే లెక్క ఒప్పుకోవాలె.