బొమ్మల నరసింహుడు: ఇంటిల్లిపాదీ చూసిన సినిమా

‘మహావతార్ నరసింహ’ ప్రహ్లాదుడి కథను మొదటి నుంచి చివరి దాకా కంప్యూటర్ బొమ్మలతో చెప్పిన సినిమా. 2024 నవంబరులో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. 2025 జులై 25న థియేటర్లకు వచ్చింది. దర్శకుడు అశ్విన్ కుమార్‌కు ఇదే తొలి చిత్రం. క్లీమ్ ప్రొడక్షన్స్ నిర్మించింది, హోంబలే ఫిల్మ్స్ సమర్పించింది, శామ్ సి.ఎస్. సంగీతం అందించాడు. హిందీ, కన్నడ, తమిళ, మలయాళాలతో పాటు తెలుగులోనూ సిద్ధమైన ఈ చిత్రాన్ని మన రాష్ట్రాల్లో గీతా ఆర్ట్స్ విడుదల చేసింది. తెర మీద ఒక్క తార కూడా కనిపించదు. అయినా ఆ నోటా ఈ నోటా పేరు పాకి, 300 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి, భారతీయ యానిమేషన్ చిత్రాలన్నిటిలోకీ పెద్ద విజయం సాధించింది.

పిల్లల సినిమాకు పెద్దలు మామూలుగా తోడు కోసం వెళతారు. ఈ చిత్రానికి తాతలూ నానమ్మలూ తమ కోసం వెళ్లారు. కొన్ని థియేటర్లలో జనం చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టారు, ఆట అయ్యాక భజనలు చేశారు. మూడు తరాలు పక్కపక్కన కూర్చుని చూసే సినిమా ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

ఉప్పల్ నుంచి గుట్ట దాకా

హైదరాబాద్‌లో ఈ కథకు బాగా దగ్గరగా ఉన్నది తూర్పు వైపు. వరంగల్ రహదారి ఉప్పల్ మీదుగానే నగరం దాటుతుంది. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి దాటి రాయగిరి దగ్గర పక్కకు తిరిగితే యాదగిరిగుట్ట. ఉప్పల్ చౌరస్తాలో గుట్ట బస్సు కోసం నిలబడిన కుటుంబాలు ఆ ప్రాంతం వారికి నిత్యం కనిపించే దృశ్యం. జ్వాల, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీ నరసింహ రూపాలతో పంచ నారసింహ క్షేత్రంగా పేరు పొందిన ఆ ఆలయం నల్లరాతితో పునర్నిర్మాణమై 2022 మార్చి 28న మళ్లీ తెరుచుకుంది. అదే రహదారిలో ఇంకా ముందుకు పోతే జనగామ జిల్లా. ఆ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెరను పోతన ఊరుగా కొలుస్తారు. తెలుగువారికి ప్రహ్లాదుడిని దగ్గర చేసింది పోతన భాగవతంలోని సప్తమ స్కంధమే.

ఉప్పల్‌కు ఆనుకున్న నాచారానిది మరో వరస చుట్టరికం. ఎన్.టి. రామారావు 1976లో అక్కడ రామకృష్ణ స్టూడియో నెలకొల్పారు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూర కర్ణ’లో ఆయన కృష్ణుడిగా, కర్ణుడిగా, దుర్యోధనుడిగా నటించి, దర్శకత్వమూ వహించారు. తెలుగు పౌరాణికానికి అది చివరి పెద్ద వెలుగుల్లో ఒకటి. తరువాతి దశాబ్దాల్లో పద్యం పాడగల గొంతులు, కిరీటం నప్పే ముఖాలు అరుదై, పౌరాణికాలు తగ్గిపోయాయి. ఆ ఖాళీలోకే బొమ్మల సినిమా వచ్చింది.

తెలుగు తెరకు ప్రహ్లాదుడు కొత్త కాదు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో వచ్చిన మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’. 1967లో ఎ.వి.ఎం. సంస్థ అదే పేరుతో రంగుల్లో తీసిన చిత్రంలో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ నారదుడు. ఆ సినిమాను టీవీలో పదేపదే చూసిన తరం ఇప్పుడు మనవలను వెంటబెట్టుకుని త్రీడీ కళ్లద్దాలతో మళ్లీ అదే కథ చూసింది.

కథ, వరంలోని ముడి

కశ్యపుడు, దితి దంపతులతో కథ మొదలవుతుంది. వారి కొడుకులు హిరణ్యాక్ష, హిరణ్యకశిపులు. భూమిని అపహరించిన హిరణ్యాక్షుణ్ణి వరాహమూర్తి సంహరిస్తాడు. తమ్ముడి చావుకు పగబట్టిన హిరణ్యకశిపుడు ఘోర తపస్సు చేసి బ్రహ్మను వరం అడుగుతాడు. మనిషి చేతిలో గానీ మృగం చేతిలో గానీ, పగలు గానీ రాత్రి గానీ, ఇంట గానీ బయట గానీ, నేల మీద గానీ ఆకాశంలో గానీ, ఏ ఆయుధంతో గానీ తనకు చావు రాకూడదు. ఆ తరువాత అతని కొడుకు ప్రహ్లాదుడి భక్తి, గురువుల బెదిరింపులు, తండ్రి పెట్టిన హింసలు, మేనత్త హోలిక అగ్నిప్రవేశం, చివరికి స్తంభంలోంచి నరసింహుడు.

పిల్లలకు ఇది పొడుపు కథ. వరంలో వేసిన ఒక్కో ముడీ చివరికి ఎలా విడిపోతుందో వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు: సగం మనిషి, సగం సింహం, సంధ్యవేళ, గడప మీద, ఒడిలో, గోళ్లతో. తల్లిదండ్రులకు ఇది ఒక ఇంటి కథ. తాను కోరినట్టే కొడుకు ఆలోచించాలని పట్టుబట్టిన తండ్రి, ఎదిరించకుండానే లొంగని బిడ్డ, మధ్యలో నలిగే తల్లి. వయసు మళ్లినవారికి ఇది గుట్టలో మొక్కే దేవుడి చరిత్ర. ఒక్క కథలోనే ఈ మూడూ ఉన్నాయి కాబట్టి, పెద్దల కోసం వేరే హాస్యం, పిల్లల కోసం వేరే పాటలు చేర్చాల్సిన అవసరం రాలేదు.

ఉగ్రరూపం మాత్రం నిజంగానే ఉగ్రంగా ఉంటుంది. చివరి పోరు సుదీర్ఘం, భీకరం. బాగా చిన్నపిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని చూపించడం మంచిది.

బొమ్మ కదిలే తీరు

ఇలాంటి చిత్రంలో ప్రతి పాత్రనూ ముందు కాగితం మీద గీసి, తరువాత కంప్యూటర్‌లో శిల్పంలా మలుస్తారు. లోపల కీళ్లతో ఒక అస్థిపంజరం అమరుస్తారు. తోలుబొమ్మకు పుల్లలు, దారాలు ఎలాగో దీనికి ఆ కీళ్లు అలాగ. చర్మం, నగలు, జూలు, బట్టలు అద్దాక పాత్రను కదిలిస్తారు. వెలుగునీడలు పెట్టిన మీదట కంప్యూటర్ ఒక్కో చిత్రాన్నీ లెక్కగట్టి తయారు చేస్తుంది. సెకనుకు 24 చిత్రాలు కావాలి. అంటే రెండు గంటల సినిమాకు 1,72,800 చిత్రాలు. త్రీడీకి కుడికంటికీ ఎడమకంటికీ విడివిడిగా చేయాలి.

అన్నిటికంటే కష్టం మనిషి ముఖం. ‘మహావతార్ నరసింహ’లోనూ మామూలు సంభాషణల దగ్గర ముఖాలు కొంత బిరుసుగా ఉంటాయి. వరాహం, నరసింహుడు వచ్చినప్పుడు మాత్రం బొమ్మ తన బలం చూపిస్తుంది. సింహం తలను నటుడికి తగిలిస్తే కళ్లు, దవడ, జూలు ఒక్కటిగా కదలవు. బొమ్మకు మనిషీ మృగమూ ఒకే శరీరం. నరసింహావతారానికి యానిమేషన్ అంతగా అమరడానికి కారణం ఇదే.

హైదరాబాద్ వేసిన దారి

ఈ విజయానికి ముందు పాతికేళ్ల ప్రయత్నం ఉంది. వి.జి. సామంత్ తీసిన ‘హనుమాన్’ 2005లో బొమ్మల సినిమాకు టికెట్లు తెగుతాయని దేశానికి చూపింది. తెలుగులో వచ్చిన ‘కిట్టు’ 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. సింగీతం శ్రీనివాసరావు 2008లో ‘ఘటోత్కచ’ తీశారు. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో ‘ఛోటా భీమ్’ టీవీకి వచ్చి, 2012లో థియేటర్లకూ చేరాడు. ఛోటా భీమ్‌ను చూస్తూ పెరిగిన పిల్లలు 2025 నాటికి సొంతంగా టికెట్ కొనుక్కునే వయసుకు వచ్చారు. కార్టూన్ అంటే చిన్నచూపు వారికి లేదు.

‘మహావతార్’ పేరుతో దశావతారాల వరసలో ఏడు చిత్రాలు ప్రకటించారు. పరశురాముడి కథ 2027లో, కల్కి రెండో భాగం 2037లో రావాలన్నది ప్రణాళిక. ఆ లెక్కన ఎనిమిదేళ్ల వయసులో నరసింహుణ్ణి చూసిన బిడ్డకు చివరి చిత్రం వచ్చేసరికి ఇరవై ఏళ్లు నిండుతాయి.