మేఘాలలో పరీక్ష

మబ్బులో చొచ్చిన విమానచోదకునికి నేలా, దిగంతమూ కనబడవు. అట్టి వేళ మన చెవి లోపలి సమతూక జ్ఞానమే మనల్ని మోసగిస్తుంది. విమానం ఒరిగి తిరుగుతున్నా తిన్నగా సాగుతున్నట్లే తోస్తుంది. ఆ భ్రమను నమ్మి ప్రాణాలు కోల్పోయినవారు కలరు.

కనుకనే పరికరాల ఆధారంతో విమానం నడిపే అర్హతకు అమెరికాలో ప్రత్యేక పరీక్ష ఉన్నది. బయటి దృశ్యం కనబడకుండా అభ్యర్థి కళ్లకు అడ్డు పెడతారు. పరీక్షాధికారి పక్కనే ఉంటాడు. సమతలంలో సాగునప్పుడు ఎత్తు 100 అడుగులకు, దిశ 10 డిగ్రీలకు మించి తప్పరాదు. కొన్ని పరికరాలను మూసివేసినా మిగిలినవాటితోనే రన్‌వేను సమీపించాలి.

1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ సమీపాన జేమ్స్ డూలిటిల్, కప్పివేసిన కాక్‌పిట్‌లో కూర్చుండి, పరికరాలను మాత్రమే చూచి ఎగిరి, తిరిగి దిగి, ఇది సాధ్యమని నిరూపించాడు.

ఈ పరీక్షలో ముఖ్యంగా తేలేది అభ్యర్థి నిగ్రహమని మనం గ్రహించాలి. తోచినదానిని విడిచి, కొలిచినదానిని నమ్మడం విద్యార్థులకూ అలవడవలసిన గుణమే.