పోవిస్ కోటలో టిప్పూ గుడారం

వేల్స్ దేశపు తూర్పు సరిహద్దున, వెల్ష్‌పూల్ పట్టణ సమీపంలో, గుట్టపై ఎర్రరాతి కోట ఒకటుంది. పేరు పోవిస్. పదమూడవ శతాబ్దంలో వెల్ష్ రాజవంశీకులు కట్టించిన ఈ కోటను 1587లో హెర్బర్ట్ కుటుంబం కొనుగోలు చేసింది. 1952 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే సంరక్షణ సంస్థ అధీనంలో ఉంది.

సందర్శకుల్లో అధికులు వచ్చేది తోట కోసమే. ఇటలీ పద్ధతిలో గుట్టను చదును చేసి, కోట పాదం నుంచి మెట్లు మెట్లుగా దించిన తోట అది. మూడు వందల ఏళ్లు పైబడిన యూ వృక్షాలు గోడలపై ఒరిగిన మేఘాల్లా కనిపిస్తాయి. ఏటా వాటిని కత్తిరించడానికే తోటమాలులకు వారాలు పడుతుంది. ఆ పచ్చదనం చూసి సుబ్‌హానల్లాహ్ అనని నోరుండదు.

అయితే మమ్మల్ని ఎక్కువసేపు నిలిపివేసినది తోట కాదు, కోట లోపలి క్లైవ్ ప్రదర్శనశాల. టిప్పూ సుల్తాన్ షహీద్ సింహాసనానికి అలంకారంగా ఉన్న, రత్నాలు పొదిగిన బంగారు పులి తల ఒకటి ఇక్కడి సంపదే. 1799 మే 4న శ్రీరంగపట్నం పతనమయ్యాక విజేతలు సింహాసనాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. పూలమొక్కల అద్దకంతో మెరిసే ఆయన నూలు గుడారమూ ఇక్కడికే చేరింది. మచిలీపట్నం కలంకారీ ఎరిగిన కళ్లకు ఆ పనితనం పరాయిదిగా తోచదు. సుల్తాన్ గుడారాన్ని ఈ దొరలు తోట విందులకు పందిరిగా వేసుకున్నారు!

"ఇవి ఇంత దూరం ఎలా వచ్చాయి?" అని పిల్లలు అడుగుతారు. దాపరికం లేకుండా చెప్పాలి. ప్లాసీ యుద్ధం నడిపిన రాబర్ట్ క్లైవ్ కుమారుడు ఎడ్వర్డ్ 1784లో హెర్బర్ట్‌ల ఆడపడుచు హెన్రియెట్టాను వివాహమాడాడు. తదుపరి కాలంలో ఆస్తి వారి సంతతికి సంక్రమించింది. 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరు ఆ ఎడ్వర్డే. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను నిజాం 1800లో కంపెనీకి ధారాదత్తం చేసినదీ అతని హయాంలోనే. కనుక ఈ అద్దాల పెట్టెలు తెలుగువారి చరిత్రకు దూరపువి కావు. ఆంగ్లేయులు 'లూట్' అనే మాటను కూడా మన దేశం నుంచే తీసుకుపోయారు.

వలస పాలనతో తన భవనాలకున్న సంబంధాలను వివరిస్తూ ఆ సంస్థ 2020లో నివేదిక వెలువరించింది. పోవిస్ పేరు అందులో ఉంది. దానిపై బ్రిటన్‌లో పెద్ద దుమారమే రేగింది. నిజం చెప్పడం మెచ్చదగినదే. కానీ సొత్తు ఎవరిదన్న ప్రశ్న నివేదికతో తీరిపోదని మా అభిప్రాయం.

వీలున్నవారు ఇదే ప్రయాణంలో వర్న్‌వీ సరస్సునూ చూడవచ్చు. చుట్టూ అడవులు, బీడుకొండలు. పక్షుల సంరక్షణ కేంద్రం. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి మంచినీటి కోసం 1880లలో ఇక్కడ రాతి ఆనకట్ట కట్టినప్పుడు, లాన్‌వుథిన్ అనే వెల్ష్ గ్రామం చర్చితో, ఇళ్లతో సహా నీట మునిగింది. తీవ్రమైన కరవు ఏడాదుల్లో నీరు తగ్గితే ఆ గ్రామపు రాళ్లు నేటికీ బయటపడతాయి.